గర్భసంచి ఆపరేషన్‌లో మూత్రసంచిలోకి కెమెరా పెట్టి చూశాక మూత్రంలో మంట: ఇంట్లో ఏం చూసుకోవాలి, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి

"గర్భసంచి తీసేటప్పుడు మూత్రసంచిలోకి కెమెరా పెట్టి చూశామన్నారు. ఇంటికొచ్చాక ఒంటికి పోస్తే మంట. ఇది మామూలేనా?" నెల్లూరులోనో ఒంగోలులోనో ఆపరేషనై ఊరికి వెళ్లిన ఆడవాళ్లు, వాళ్లకు తోడుగా ఉన్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలామందికి మామూలే, కొద్దిమందికి కాదు. రెండింటికీ తేడా ఇంట్లోనే తెలుస్తుంది. మంట ఉందా లేదా అన్నదానికంటే రోజురోజుకూ తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది ముఖ్యం. కింద చెప్పేదంతా దాన్ని కనిపెట్టడం కోసమే.

ముందు ఆ పరీక్ష ఎందుకు చేస్తారో రెండు మాటలు. గర్భసంచికి సరిగ్గా ముందు మూత్రసంచి ఉంటుంది. కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలు గర్భసంచి మూతికి ఇరుపక్కలా ఇంచుమించు 2 సెంటీమీటర్ల దూరంలోనే పోతాయి. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగల్లేదని చూసుకోవడానికి సన్నని గొట్టం లోపలికి పంపి, మూత్రసంచిని సెలైన్‌తో నింపి, రెండు నాళాల నుంచీ మూత్రం చిమ్ముతోందా అని చూస్తారు. గొట్టం వెళ్లిన దారి ఒరుసుకుపోయి ఒకటి రెండు రోజులు మంట, మాటిమాటికీ ఒంటికి రావడం, మూత్రం లేత గులాబీ రంగులో ఉండడం సహజం. ఆపరేషన్‌కు పెట్టిన యూరిన్ పైపు వల్ల కూడా అదే మంట వస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మి.లీ. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు, అర లీటరుదైనా చాలు. దొరక్కపోతే వెడల్పాటి పాత డబ్బాలో 100 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తూ మార్కరుతో గీతలు పెట్టుకోండి.
- డిజిటల్ థర్మామీటరు.
- రంగు, సువాసన లేని తెల్లటి ప్యాడ్లు. రంగు గుడ్డ మీద ఏది తడిసిందో తెలియదు.
- నోటుబుక్కు, పెన్ను.
- మెడికల్ షాపులో దొరికే, సీలు తీయని యూరిన్ డబ్బాలు రెండు.
- డిశ్చార్జి కాగితం, వార్డు ఫోను నంబరు.

1. ఆసుపత్రి వదలకముందే ఈ 5 అడిగి రాయించుకోండి

మూత్రసంచి పరీక్షలో ఏం కనిపించింది? రంగు మందు ఏదైనా వాడారా? పైపు ఎప్పుడు తీశారు, తీశాక ఎన్ని మి.లీ. మూత్రం వచ్చింది? మూత్రసంచికి కుట్టు ఏమైనా పడిందా? లోపల స్టెంటు (మూత్రనాళం మూసుకుపోకుండా పెట్టే సన్నని గొట్టం) పెట్టారా?

చివరి ప్రశ్న అస్సలు మరవొద్దు. డీజే స్టెంటు పెట్టి ఉంటే పక్కటెముకల కింద నొప్పి, మాటిమాటికీ ఒంటికి రావడం, మూత్రంలో ఎర్రజీర అది ఉన్నన్నాళ్లూ వచ్చి పోతుంటాయి. దాన్ని తీసే తేదీ కాగితం మీద ఉండాలి. ఎన్టీఆర్ వైద్యసేవలో (పాత ఆరోగ్యశ్రీ) ఆపరేషన్ అయి ఉంటే మళ్లీ ఎప్పుడు, ఏ విభాగానికి రావాలో ఆసుపత్రిలోని ఆ పథకం డెస్కు దగ్గర కూడా రాయించుకోండి.

2. పైపు తీశాక మొదటి మూత్రం కొలవండి

పైపు తీసిన 4 నుంచి 6 గంటల్లోపు మూత్రం రావాలి. వచ్చిన ప్రతిసారీ మగ్గులో పట్టి కొలవండి. ఒకసారికి 200 మి.లీ. పైన వచ్చి, పొత్తికడుపు తేలికైతే మంచి గుర్తు. 50, 60 మి.లీ. చొప్పున పది నిమిషాలకోసారి వస్తూ, పొత్తికడుపు బిగుసుకుని ఉంటే మూత్రసంచి ఖాళీ అవ్వడం లేదన్నమాట. నిండిన కుండ అంచు నుంచి పొర్లినట్టు పైపైన మాత్రమే పోతోంది. "వస్తూనే ఉంది కదా" అని ఊరుకునేది ఎక్కువగా ఇక్కడే. మూత్రసంచి అతిగా సాగితే మళ్లీ పని చేయడానికి రోజులు పడుతుంది.

మూత్రం రాక ఇబ్బందిగా ఉంటే ఇలా చేయండి. కమోడ్ మీద పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా, అందకపోతే కింద పీట వేసుకుని కూర్చోండి. కొంచెం ముందుకు వంగండి. గోరువెచ్చని నీళ్లు బయటి భాగం మీద మెల్లగా పోసుకోండి. వచ్చినంత వచ్చాక లేచి రెండు నిమిషాలు నిలబడి, మళ్లీ కూర్చుని ఇంకోసారి ప్రయత్నించండి. పొట్ట మీద నొక్కొద్దు, ముక్కొద్దు. లోపలి కుట్ల మీద భారం పడుతుంది. గొంతుక్కూర్చునే దొడ్డి మాత్రమే ఉన్న ఇంట్లో, కింది నుంచి ఆపరేషనై ఉంటే, సర్జికల్ షాపులో దొరికే కమోడ్ కుర్చీ కొన్నాళ్లకు తెచ్చుకోండి.

"మూత్రం రావడం లేదు, ఇంకో చెంబు నీళ్లు తాగు" అనేవాళ్లు ఉంటారు. అప్పుడు తాగకండి. నిండిన సంచిని ఇంకా నింపినట్టవుతుంది.

6 గంటలు దాటినా రాకపోతే, లేదా అంతకుముందే నొప్పి తట్టుకోలేకపోతే బయలుదేరండి. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలని ఉదయగిరి నుంచి నెల్లూరుకు రెండు గంటలకు పైగా కడుపు పట్టుకుని ప్రయాణం చేయొద్దు. పైపు వేయడం దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో నర్సు కూడా చేయగలదు. ముందు అది వేయించుకుని, తర్వాత మీ డాక్టరుకు ఫోను చేయండి.

3. మొదటి రెండు రోజులు నీళ్లు తాగే లెక్క

మన వైపు ఆపరేషనైన మనిషికి నీళ్లు తగ్గించే అలవాటు ఇంకా పోలేదు. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయని అత్తగారో అమ్మో గ్లాసు పక్కన పెట్టేస్తారు. వాళ్లది ప్రేమే, కానీ కుట్లకు నీళ్ల వల్ల చీము పట్టదు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట ఎక్కువవుతుంది, లోపల చేరిన క్రిములు బయటికి కొట్టుకుపోవు. పెద్దవాళ్లకు డాక్టరు నోటితోనే ఈ మాట చెప్పిస్తే ఇంట్లో గొడవ ఉండదు.

రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు. మెలకువగా ఉన్నంతసేపు గంటకో గ్లాసు, అంటే 150 నుంచి 200 మి.లీ. ఒకేసారి లీటరు తాగి మళ్లీ సాయంత్రం దాకా మానేస్తే లాభం లేదు. మే నెలలో ఒంగోలు ఎండకు చెమటలోనే చాలా పోతుంది కాబట్టి ఇంకో అర లీటరు కలపండి. కనిగిరి, పొదిలి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ప్లాంటు నీళ్లే తాగండి. పలచటి మజ్జిగ, బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ కూడా లెక్కలోకి వస్తాయి. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు మూత్రసంచిని రేపుతాయి, వారం రోజులు బాగా తగ్గించండి. కారం దోసె, పులుసు కూరల కారం కొందరికి మంట పెంచుతుంది. మీకు పెరిగితే మానండి, లేకపోతే తినండి.

గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో, కొబ్బరినీళ్లు తాగొచ్చో లేదో డాక్టరే చెప్పాలి.

4. నోటుబుక్కులో రాయండి

ఒక్కో వరుసలో సమయం, కొలత, రంగు, మంట ఎంత (0 నుంచి 10 వరకు). ఇలా:

ఉదయం 6.10 – 280 మి.లీ. – లేత పసుపు – మంట 5
ఉదయం 9.00 – 220 మి.లీ. – లేత పసుపు – మంట 4

పొద్దున, రాత్రి జ్వరం చూసి పక్కన వేయండి. 60 కిలోల మనిషికి 24 గంటల మొత్తం 700 మి.లీ. కన్నా తగ్గకూడదు. తగ్గితే ముందు తాగిన నీళ్లు లెక్క చూడండి. నీళ్లు సరిగానే తాగినా మూత్రం తక్కువగా ఉంటే ఆ రోజే ఫోను చేయాలి. ఫోనులో "మంటగా ఉంది డాక్టరుగారూ" అంటే వాళ్లకు ఏమీ తేలదు. "నిన్న మంట 4 ఉండేది, ఇవాళ 7, రాత్రి జ్వరం 100" అంటే వెంటనే తేలుతుంది.

5. రంగు చూసి భయపడే ముందు

ఆకుపచ్చ, నీలం: పరీక్షలో మిథిలిన్ బ్లూ అనే రంగు మందు వాడి ఉంటే ఒకటి రెండు రోజులు వస్తుంది. నారింజ రంగు: మంటకిచ్చే ఫెనజోపిరిడిన్ బిళ్ల వల్ల, బట్టకు అంటితే మరక పోదు. గోధుమ, ఎరుపు కలిసిన గోధుమ: ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇచ్చే మెట్రోనిడజోల్ వల్ల కావచ్చు. గాఢమైన పసుపు: బీకాంప్లెక్స్. ఇవి రక్తం కావు.

లేత గులాబీ రంగు రెండు రోజుల్లో తగ్గిపోవాలి. చిక్కటి ఎరుపు రంగు, గడ్డలు, గడ్డ అడ్డుపడి మూత్రం ఆగిపోవడం కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం మూత్రంలోనిదా, కింది నుంచి అయ్యే రక్తస్రావమా అని అనుమానమైతే బయటి భాగం కడిగి తుడుచుకుని, మూత్రం మధ్య ధారను తెల్లటి డబ్బాలో పట్టి చూడండి. డబ్బాలోది మామూలు పసుపులో ఉండి, తుడిచిన గుడ్డ మాత్రమే ఎర్రగా ఉంటే కింది నుంచి వచ్చేదే. అదీ ఎక్కువైతే డాక్టరుకు చెప్పాల్సిందే.

6. 48 గంటలయ్యాక నోటుబుక్కు తెరవండి

మంట 6 నుంచి 3కి, 3 నుంచి 1కి దిగుతుంటే మీ దారి సరైనదే, నీళ్లు కొనసాగించండి. 48 గంటలు దాటినా అంతే ఉన్నా, తగ్గి మళ్లీ పెరిగినా, మూత్రం వాసన మారి మసకగా ఉన్నా యూరిన్ పరీక్ష చేయించాలి. ఇక్కడ "వేడి చేసింది" అనే మాట చాలా నష్టం చేస్తుంది. వేడి అని మజ్జిగ, సబ్జా తాగుతూ వారం గడిపేస్తారు. ఈలోగా ఇన్ఫెక్షను కిడ్నీకి ఎక్కుతుంది. మజ్జిగ తాగండి, పరీక్ష కూడా చేయించండి.

షుగరు ఉన్నవాళ్లు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి బిళ్ల వాడుతుంటే అది కూడా మూత్రం ఎక్కువ చేస్తుంది, కింద దురద, ఫంగస్ తెస్తుంది. ఆ బిళ్ల పేరు డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

7. యూరిన్ కల్చర్‌కు (మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షకు) సరిగా పట్టడం

ముఖ్యమైన నియమం: యాంటీబయాటిక్ మొదటి బిళ్ల మింగకముందే యూరిన్ ఇవ్వాలి. మెడికల్ షాపులో అడిగి రెండు బిళ్లలు వేసుకుని, తగ్గక, మూడో రోజు కల్చర్‌కు ఇస్తే క్రిమి పెరగదు, ఇన్ఫెక్షను మాత్రం అలాగే ఉంటుంది. ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఒక్క ఆధారమూ పోతుంది. ఆపరేషన్ మందుల్లో యాంటీబయాటిక్ ఇప్పటికే వాడుతుంటే ఆపొద్దు, దాని పేరు ల్యాబ్ చీటీ మీద రాయించండి.

చేతులు సబ్బుతో కడుక్కోండి. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడిగి శుభ్రమైన గుడ్డతో అద్దండి, డెటాల్ వద్దు. యోని పెదవులు వేళ్లతో విడదీసి, మొదటి ధార వదిలేసి, మధ్య ధార 20, 30 మి.లీ. డబ్బాలోకి పట్టండి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రక్తం అవుతుంటే శుభ్రమైన గాజుగుడ్డ బయట అడ్డంగా పట్టుకోండి, లోపల ఏదీ పెట్టొద్దు. రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి. ఊరు దూరమైతే డబ్బాను కవరులో చుట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఐసు డబ్బాలో తీసుకెళ్లండి. 24 గంటల్లోపు ఇవ్వాలి. లేదా ల్యాబులోనే పట్టి ఇవ్వండి, అదే మేలు.

రిపోర్టు రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఎపిథీలియల్ కణాలు (చర్మం పైపొర కణాలు) చాలా ఉన్నాయన్నా, రకరకాల క్రిములు కలిసి పెరిగాయన్నా పట్టడంలో తేడా వచ్చిందని అర్థం, మళ్లీ ఇవ్వాలి. కింది నుంచి రక్తం, స్రావం ఎక్కువగా ఉంటే పైపుతో తీసి పంపడమే నమ్మదగ్గ పద్ధతి.

8. అడక్కుండా వేసుకోకూడని మందులు

- డైసైక్లోమిన్ కలిసిన కడుపునొప్పి బిళ్లలు, జలుబు బిళ్లలు: మూత్రం ఆగిపోయేలా చేస్తాయి. ట్రమడాల్ రాసి ఇచ్చి ఉంటే, అదీ మూత్రాన్ని ఆపగలదు, మలబద్ధకం కూడా తెస్తుంది. మూత్రం సరిగా రావడం లేదనిపిస్తే ఆ సంగతి చెప్పి మందు మార్పించుకోండి.
- సిట్రేట్ సిరప్: గ్లాసు నీళ్లలో కలిపి తాగితే మంట తగ్గుతుంది. కానీ దానిలో సోడియం ఉంటుంది, బీపీ, గుండె, కిడ్నీ జబ్బు ఉంటే అడిగి తాగాలి. నైట్రోఫ్యూరంటాయిన్ (మూత్రం ఇన్ఫెక్షనుకిచ్చే యాంటీబయాటిక్) బిళ్లలు వాడుతుంటే ఇది దాని బలం తగ్గిస్తుంది.
- ఫెనజోపిరిడిన్: రెండు రోజులకు మించి వద్దు. మంట మాత్రమే తగ్గిస్తుంది, ఇన్ఫెక్షనును కాదు.

విరేచనం కాక పేగు నిండినా మూత్రసంచి మీద ఒత్తిడి పడి ఒంటికి సరిగా రాదు. రెండు రోజులు కాకపోతే విరేచనం సాఫీగా అయ్యే సిరప్ అడగండి.

9. తడి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

కెమెరాలో అంతా బాగుందన్నారు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఈ భాగం. కరెంటు పరికరంతో రక్తనాళాలు మాడ్చినప్పుడు పక్కన మూత్రసంచికో మూత్రనాళానికో తగిలిన వేడి ఆ రోజు కనిపించదు. కొన్ని రోజుల తర్వాత ఆ చోట చిల్లు పడవచ్చు. ఎక్కువగా 7 నుంచి 14 రోజుల మధ్య బయటపడుతుంది. అరుదే, కానీ వచ్చినవాళ్లు సిగ్గుతో నెలల తరబడి ప్యాడ్లు మారుస్తూ కూర్చుంటారు. దయచేసి అలా చేయొద్దు. చిన్న చిల్లును తొందరగా పట్టుకుంటే కొన్నిసార్లు కొన్ని వారాలు పైపు ఉంచడంతోనే పూడుతుంది.

ఇంట్లో చూసే పద్ధతి: ఒంటికి పోసి, కడిగి తుడుచుకుని, కొత్త తెల్ల ప్యాడు పెట్టుకుని గంటసేపు పడుకోండి. జిగటగా, గోధుమరంగు మరకలా ఉంటే అది కుట్లు మానుతున్న స్రావం, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది. ఒంటికి రావాలన్న తొందర లేకుండానే, దగ్గకుండానే ప్యాడు పలచగా నీళ్లలా తడిసి మూత్రం వాసన వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఒంటికి మామూలుగా పోస్తున్నా పక్క నుంచి నిరంతరం తడి ఉంటే మూత్రనాళంలో చిల్లు అనుమానించాలి. ఒంటికి వచ్చేది తగ్గి తడి ఎక్కువైతే మూత్రసంచిలో. ఆసుపత్రిలో మూత్రసంచిలోకి నీలం మందు నింపి, యోనిలో గాజుగుడ్డలు పెట్టి తేలుస్తారు.

దగ్గినప్పుడు నాలుగు చుక్కలు పడడం, బాత్‌రూమ్ చేరేలోగా ఆగకపోవడం వేరే సంగతి. వాటిని తర్వాతి చెకప్‌లో చెప్పండి.

పైపుతోనే ఇంటికి పంపితే

మూత్రసంచికి కుట్టు పడితే సాధారణంగా 7 నుంచి 14 రోజులు పైపు ఉంచుతారు. పైపుకు తగిలించిన యూరిన్ సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం ఆనకూడదు. ఆటోలో, బస్సులో ఒళ్లో పెట్టుకోవడం పెద్ద తప్పు, మూత్రం వెనక్కి పోతుంది. సగం దాటగానే వంచేయండి. పైపును సంచి నుంచి ఊడదీయొద్దు. తొడకు ప్లాస్టరుతో కొంచెం వదులుగా అంటించండి. రెండు గంటలుగా సంచిలోకి చుక్క రాకపోతే పైపు మెలిక పడిందేమో, ఒంటి కింద నలిగిందేమో చూడండి. సరిచేసినా రాకపోతే వెంటనే ఆసుపత్రికి. చెప్పిన తేదీకి ముందు తీయించుకోకండి, కుట్టు విడిపోతుంది.

వెంటనే బయలుదేరాల్సిన గుర్తులు

- జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, చలితో వణుకు.
- నడుము పక్కన, పక్కటెముకల కింద ఒకవైపు నొప్పి, వాంతులు. మూత్రం బాగానే వస్తోందని ఊరుకోవద్దు. ఒక కిడ్నీ దారి మూసుకుపోయినా రెండోది పని చేస్తూనే ఉంటుంది. అల్ట్రాసౌండ్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేస్తే తెలుస్తుంది.
- పొట్ట ఉబ్బి గట్టిపడడం.
- గడ్డలతో రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం.

బండి లేకపోతే 108కి ఫోను చేయండి. మూత్రం ఆగితే దగ్గరి ఆసుపత్రి. పక్కనొప్పి, నిరంతరం తడి అయితే ఆపరేషన్ చేసినచోటికి. అక్కడ యూరాలజీ లేకపోతే ఉన్నచోటికి పంపమని అడగండి, నోటుబుక్కు, డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి.

10. ఇంటి ప్రయాణం, తర్వాతి వారాలు

బస్సు ఎక్కే ముందు ఒంటికి వెళ్లి రండి. దారిలో ఆపరని ముందు రోజు నుంచే నీళ్లు మానొద్దు, అలాగని నాలుగు గంటలు బిగబట్టొద్దు. మూడు గంటలకోసారి దిగగలిగేలా ప్రయాణం పెట్టుకోండి. ప్యాడు నాలుగు గంటలకోసారి మార్చండి. డాక్టరు సరేననే దాకా, సాధారణంగా ఆరు వారాలు, భార్యాభర్తల కలయిక వద్దు. లోపల డూష్ (యోనిలోకి నీళ్లు కొట్టి కడగడం), మందునీళ్లు ఏవీ వద్దు.

స్టెంటు ఉన్నవాళ్లు తీసే తేదీని ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా అలారం పెట్టించండి. ఎక్కువగా నాలుగు నుంచి ఆరు వారాలకు తీస్తారు. నొప్పి లేదని వదిలేస్తే నెలలు గడిచేకొద్దీ దాని మీద రాయి పేరుకుని, పది నిమిషాల్లో తీయాల్సిన దానికి మళ్లీ ఆపరేషన్ కావాల్సి వస్తుంది. తీశాక ఆ కాగితం మీద "స్టెంటు తీశాము" అని తేదీతో రాయించుకుని డిశ్చార్జి కాగితానికి జత చేసి పెట్టండి.